చాప పరిచే వేళ

జూన్‌లో బళ్ళు తెరిచారంటే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఓ సందేశం తిరగడం మొదలవుతుంది. ఏ పనైనా వరసగా 21 రోజులు చేయిస్తే పిల్లలకి అది అలవాటైపోతుందట. దాంతోపాటు 21 గళ్ళున్న కాగితం, రోజుకో గడిలో నక్షత్రం. ఒకటో తరగతి పిల్లాడి తల్లి దాన్ని ప్రింటు తీయించి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తుంది. వారం బాగానే నడుస్తుంది. తర్వాత చుట్టాలొస్తారు, ఆపైన పిల్లాడికి జలుబు చేస్తుంది, రెండు వారాలు తిరిగేసరికి ఆ కాగితం మీద గ్యాస్ రసీదు వచ్చి చేరుతుంది. "మావాడికి ఏదీ నిలవదండీ" అన్న తీర్పు కూడా అప్పుడే వెలువడుతుంది. ఆరేళ్ళవాడి గురించి!

ఆ 21 ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే ఆవిడ అంత నిరాశపడదు. మాక్స్‌వెల్ మాల్ట్స్ అని అమెరికాలో ఓ ప్లాస్టిక్ సర్జన్ ఉండేవాడు. ముఖానికి శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్ళు అద్దంలో తమ కొత్త రూపానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. 1960లో అచ్చయిన తన పుస్తకంలో ఆ మాట రాశాడు. పుస్తకం లక్షల మంది చేతుల్లో పడింది. చేతులు మారే కొద్దీ 'కనీసం' రాలిపోయింది, ముఖమూ రాలిపోయింది, 21 ఒక్కటే మిగిలింది.

నిజంగా లెక్క కట్టి చూసింది లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు. ఫిలిపా లాలీ, ఆమె సహచరులు 96 మందిని చేర్చుకుని, ఎవరికి నచ్చిన చిన్న పనిని వాళ్ళు ఎంచుకోమన్నారు. మధ్యాహ్నం భోజనంతో ఓ పండు తినడం, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగెత్తడం లాంటివి. షరతు ఒక్కటే, రోజూ అదే సందర్భంలో చెయ్యాలి. 84 రోజులపాటు వాళ్ళ దగ్గర వివరాలు సేకరించి, 2010లో ఫలితాలు అచ్చువేశారు. ఆ పని ఆలోచించకుండానే జరిగిపోయే దశకి రావడానికి సరిగ్గా మధ్యనున్న మనిషికి 66 రోజులు పట్టింది. అందరికంటే తొందరగా కుదురుకున్నవారికి 18 రోజులు, అందరికంటే నిదానస్తులకి 254 రోజులు పట్టేలా ఉందని లెక్క తేలింది. వీళ్ళంతా పెద్దవాళ్ళని, తమంతట తాము ఇష్టపడి చేరినవాళ్ళని గుర్తుంచుకోండి.

ఇందులో ఇంటికి పనికొచ్చేది 66 అన్న అంకె కాదు. పాత అంకె తీసేసి కొత్త అంకెతో గళ్ళు గీస్తే మళ్ళీ మొదటికే వస్తాం. పనికొచ్చేవి వేరే రెండున్నాయి. పని దేనికో ఒకదానికి ముడిపడి ఉండటం మొదటిది. మధ్యలో ఒక రోజు తప్పిపోయినా అలవాటు కుదిరే తీరులో చెప్పుకోదగ్గ తేడా రాకపోవడం రెండోది. గళ్ళ కాగితంలో ఖాళీ గడి చూసి బెంగపడే తల్లికి ఈ రెండో సంగతి ఎవరూ చెప్పరు.

ముడిపడటం అంటే మెదడులో ఏం జరుగుతుందో కొంత తెలుసు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆన్ గ్రేబియెల్ బృందం 1999లో ఓ ప్రయోగం ప్రచురించింది. ఆంగ్ల అక్షరం 'టీ' ఆకారంలో ఉన్న దారిలో ఎలుకని వదులుతారు. ఓ శబ్దం వినిపిస్తుంది. శబ్దాన్ని బట్టి కుడికో ఎడమకో తిరిగితే తీపి దొరుకుతుంది. మెదడు లోతుల్లో ఉండే స్ట్రయాటమ్ అనే భాగంలోని నాడీకణాలు కొత్తలో ఆ దారి పొడుగునా చురుగ్గా ఉన్నాయి. దారి బాగా అలవాటయ్యాక ఆ చురుకు పరుగు మొదట్లోనూ చివర్లోనూ పోగుపడింది, నడిమధ్య తగ్గిపోయింది. అంటే అలవాటుకి ఎత్తుగడ, ముగింపు ముఖ్యం. ఒకసారి ఎత్తుకుంటే మిగతాది దొర్లుకుపోతుంది.

ఎలుక పరుగైతే దొర్లుకుపోతుంది. మరి చదువు?

నా ఉద్దేశంలో పిల్లల చదువు గురించి ఇళ్ళలో జరిగే గొడవల్లో సగం ఇక్కడి గందరగోళం వల్లనే. చాప పరుచుకోవడం అలవాటు చెయ్యొచ్చు. సంచీ తెరవడం, డైరీ చూసుకోవడం, పెన్సిల్ చెక్కుకుని కూర్చోవడం అలవాటు చెయ్యొచ్చు. కానీ 'కి'కీ 'కీ'కీ తేడా పట్టుకోవడం, 17 లోంచి 9 తీసేయడం నేర్చుకుంటున్నన్నాళ్ళూ అలవాటుగా జరిగేవి కావు, ప్రతిసారీ బుర్ర పెట్టాల్సిందే. రోజూ కూర్చునే పిల్ల కూడా రోజూ తప్పులు చేస్తుంది. "రెండు నెలల నుంచీ కూర్చోబెడుతున్నా, ఇంకా ఇదేనా?" అనే తల్లి గుమ్మం దాటడాన్నీ ఇల్లు సర్దడాన్నీ ఒకే పని అనుకుంటోంది. ఇంట్లో మనం అలవాటు చేయగలిగింది గుమ్మం దాటడమే. లోపలి పనికి వేరే శాస్త్రం ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

గుమ్మాన్ని దేనికి కట్టాలి? చాలామంది గడియారానికి కడతారు. ఆరున్నరకి చదువు. ఆరేళ్ళ పిల్లకి ఆరున్నర అంటే అమ్మ అరిచే వేళ, అంతకంటే అర్థం లేదు. చిన్నపిల్లలకి ఒక పని వెనక వచ్చే మరో పని గుర్తుంటుంది, గంటలు గుర్తుండవు. బడి నుంచి రావడం, కాళ్ళు కడుక్కోవడం, పాలు తాగడం, ఆడుకోవడం, స్నానం, నానమ్మ దీపం పెట్టడం. ఈ వరసలో రోజూ తప్పకుండా జరిగేది, ఇంట్లో ఎవరి మూడ్ మీదా ఆధారపడనిది ఏదో చూసి దానికి తగిలించాలి. నానమ్మ దీపం పెట్టే ఇంట్లో అంతకంటే మంచి ముడి లేదు. ఆవిడ అది మానదు. నాన్న ఆఫీసు నుంచి రావడానికి ముడిపెట్టడం అంత తెలివైన పని కాదు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆయనకే తెలియదు ఎప్పుడొస్తాడో.

విడిగా గది, చదువుకునే బల్ల, బల్లదీపం ఉంటే సంతోషం. లేకపోయినా నష్టం లేదు. రెండు గదుల ఇంట్లో ఒక చాప, ఒక మూల చాలు. ఆ చాప మీద ఇంకే పనీ జరక్కుండా చూసుకుంటే అదే గది అవుతుంది. దాని మీద అన్నం తినకూడదు, తిట్లూ తినకూడదు. ఫోన్ ఆ చుట్టుపక్కల ఉండకూడదు, అమ్మ చేతిలో కూడా. ఏడింటి సీరియల్‌తో పోటీ పెట్టుకోకుండా చాప వేళని సీరియల్‌కి ముందే ముగిసేలా చూసుకోవడం మేలు. సీరియల్‌తో పోటీ పడి గెలిచిన చదువు ఇంతవరకూ లేదు.

మొదట్లో ఎంతసేపు? అయిదు నిమిషాలు. నవ్వొస్తుంది గానీ మొదటి రెండు వారాలకి అంతకంటే ఎక్కువ అడగడం దండగ. అయిదు నిమిషాలయ్యాక "అయిపోయింది, లే తల్లీ" అనేది అమ్మే అయి ఉండాలి. చాలాసార్లు పిల్ల "ఇంకో బొమ్మ" అని తనే కూర్చుంటుంది. కూర్చోనివ్వాలి. కూర్చోకపోతే లేవనివ్వాలి. ఈ రెండూ చెయ్యలేక మధ్యలో పదిసార్లు వెళ్ళి "ఎంతవరకూ వచ్చింది?" అని చూసేవాళ్ళే ఎక్కువ. పాలు తోడేసి, ఘడియకోసారి మూత తీసి గిన్నె కదిపి చూస్తే పెరుగు తోడుకోదని ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లల దగ్గరికొచ్చేసరికి ఆ ఓపిక ఉండదు.

దసరా సెలవులొస్తాయి, సంక్రాంతికి ఊరెళ్తారు, నాలుగు రోజులు జ్వరం. ఇవన్నీ అలవాటుని చెరిపేస్తాయన్న భయం అక్కర్లేదు. తిరిగొచ్చాక అదే మూలలో, అదే దీపం వేళకి, మునుపటికంటే తక్కువ సేపు కూర్చోబెడితే నాలుగైదు రోజుల్లో దారికొస్తుంది. తప్పిపోయిన రోజుల బాకీ తీర్పించడానికి ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడమే అసలు చేటు.

ఇక గుమ్మం లోపలికి.

మన పిల్లలకి మొదటి రెండు మూడేళ్ళూ చాప మీద ఎక్కువ భాగం అక్షరాలతోనే గడుస్తుంది. దాని బరువు ఎంతో పెద్దవాళ్ళు మర్చిపోతారు. ఆంగ్లంలో 26 అక్షరాలు, పెద్దవీ చిన్నవీ కలిపి 52. తెలుగులో ఒక్క 'క' గుణింతంలోనే 16 రూపాలుంటాయి. అలాంటి హల్లులు 36. అరుదైనవి వదిలేసినా నాలుగు వందలు దాటతాయి. ఆ తర్వాత ఒత్తులు. 'ద' ఒత్తు చూస్తే తలకట్టు తీసేసిన 'ద' అని పిల్లలు ఇట్టే పోల్చుకుంటారు. కానీ త, న, మ, య, ర, ల ఒత్తులకి తమ అక్షరాలతో పోలికే ఉండదు. సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు కర్ణాటకలో కన్నడం నేర్చుకుంటున్న పిల్లల్ని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ అక్షరాల మీద పట్టు రావడం మూడు, నాలుగు తరగతుల దాకా సాగుతూనే ఉంటుందని తేల్చింది. కన్నడ లిపీ మన లిపీ ఒకే మూలం నుంచి వచ్చినవి, కట్టుబాటు కూడా ఒకటే. కాబట్టి ఒకటో తరగతి పూర్తయ్యేసరికి "గుణింతాలన్నీ వచ్చేయాలి" అని పట్టుబట్టడం లిపి స్వభావానికే విరుద్ధం.

ఒకింట్లో జరిగింది చూడండి. అమ్మ మాటలు చెబుతోంది, పాప పలక మీద రాస్తోంది. ఆవు, గోవు, పువ్వు. పాప 'గోవు'కి 'గోమ' అని రాసింది.

"ఇదేంటి తల్లీ, గోమ అంటావా?"

"గోవు అనే రాశానమ్మా. వకి కొమ్ము పెట్టాను."

అమ్మ అప్పుడు పలక తీసుకుని చూసింది. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. 'క'కి కొమ్ము పక్కన పెడితే 'కు', 'గ'కి పెడితే 'గు'. అదే పద్ధతిలో 'వ' పక్కన కొమ్ము పెడితే అది అచ్చం 'మ'లా తయారవుతుంది. అందుకే మన లిపిలో 'వు'కి కొమ్ము కిందినుంచి వస్తుంది. పాప నియమాన్ని సరిగ్గానే పట్టుకుంది, మినహాయింపు ఇంకా ఎదురు కాలేదంతే. ఆ పలకని తుడిచేసి "పదిసార్లు రాయి" అంటే పాపకి తెలిసేది తను తప్పని. 'వు'నీ 'మ'నీ పక్కపక్కన రాసి "రెంటికీ తేడా ఎక్కడుందో కనిపెట్టు" అంటే ఆ రెండక్షరాలూ ఇక కలగాపులగం కావు. తప్పు రాయగానే "ఎలా రాశావు?" అని అడగడం చాప మీద పెద్దవాళ్ళు చేసుకోవాల్సిన అలవాటు. అవును, అలవాటు పిల్లలకే ఉండాలని ఎక్కడుంది?

చదివింది నిలవాలంటే ఏం చెయ్యాలో మన పాత బళ్ళకి కొంత తెలుసు. పుస్తకం మూసి అప్పజెప్పమనేవాళ్ళు. ఆ బళ్ళ బెత్తాన్నీ గుంజిళ్ళనీ నేను సమర్థించను గానీ, అప్పజెప్పడంలో ఉన్న బలాన్ని ప్రయోగాలు గట్టిగా నిలబెట్టాయి. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులకి రెండు చిన్న పాఠాలు ఇచ్చారు. ఒక పాఠాన్ని రెండోసారి కూడా చదవమన్నారు. ఇంకో పాఠాన్ని చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. కొందరికి అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన పాఠానిదే పైచేయి, 81 శాతానికి 75 శాతం. ఇంకొందరికి వారం తర్వాత అదే పరీక్ష పెడితే తలకిందులైంది. రెండుసార్లు చదివినదాంట్లో 42 శాతం గుర్తుంది, చూడకుండా రాసినదాంట్లో 56 శాతం. మళ్ళీ మళ్ళీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడమే మోసం.

ఆరేళ్ళ పిల్లకి దీన్ని పరీక్షలా పెట్టక్కర్లేదు. "చదివావా?" అని అడిగితే "ఊఁ" అని వస్తుంది. పుస్తకం మూయించి "ఆ కుందేలు చివరికి ఏం చేసిందే?" అంటే పిల్ల కళ్ళు పైకెత్తి వెతుక్కుంటుంది. ఆ వెతుక్కోవడమే కావలసింది. అందుకోక ఆగిపోతే పుస్తకం తెరిచి చూసుకోనివ్వాలి, మళ్ళీ మూసి చెప్పమనాలి. దీనికి అడిగేవాళ్ళకి చదువు రానక్కర్లేదు. అక్షరం ముక్క రాని నానమ్మ "నాకు తెలీదు, నువ్వే చెప్పు" అంటే ఆ మాటలో నటన లేదు గనక పిల్ల ఇంకా శ్రద్ధగా చెబుతుంది. ఇంట్లో తొలిసారి బడికెళ్ళే పిల్లలున్న తల్లిదండ్రులు "మాకు రాదు, మేమేం చెప్పించగలం" అని ట్యూషన్‌కి పంపే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

ఎక్కాలూ అంతే. ఏడో ఎక్కం వరసగా పాడే పిల్లలు చాలామంది ఉంటారు. "ఏడెనిమిదులు ఎంత?" అని మధ్యలోంచి అడిగితే "ఏడొకట్ల ఏడు" దగ్గర్నుంచి పెదాలు కదిపి అక్కడికి చేరుకుంటారు. వాళ్ళకి వచ్చింది పాట. మధ్యలోంచి, వెనకనుంచి, రెండెక్కాలు కలిపి అడగడం రోజుకి మూడు నాలుగు ప్రశ్నలైతే చాలు. కూర తరుగుతూ అడగొచ్చు.

రోజుకి కొంచెం అనే మాటకి 140 ఏళ్ళ నాటి సాక్ష్యం ఉంది. జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థం లేని చిన్న చిన్న శబ్దాలు తయారు చేసుకుని, వాటి వరసల్ని తానే బట్టీ పట్టి, ఎంత మర్చిపోతున్నాడో కొలుచుకున్నాడు. 1885లో పుస్తకంగా వేశాడు. ఒకే రోజు 68 సార్లు వల్లె వేస్తే దక్కిన ఫలితం, మూడు రోజులకి పంచి 38 సార్లు వల్లె వేస్తేనే దక్కింది. ఆదివారం రెండు గంటల బాకీ వసూలు ఎందుకు చేటో ఇప్పుడు తెలిసింది కదా. అమెరికాలో వారాంతం తెలుగు తరగతికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులకీ ఇదే లెక్క. శనివారం నేర్చుకున్న గుణింతం మళ్ళీ శనివారం దాకా కంటబడకపోతే సగం దారిలోనే జారిపోతుంది. బుధవారం ఫ్రిజ్ మీద అమ్మ రాసిన "పాలు లేవు" అన్న చీటీ చదివినా కొంత నిలుస్తుంది.

బహుమతుల సంగతి చాలామంది అడుగుతారు. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ చెప్పుకోవాలి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలో బింగ్ నర్సరీ బడి ఉంది. అక్కడి పిల్లలు మనస్తత్వశాస్త్రానికి చేసినంత సేవ పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూడా చేసి ఉండరు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టమున్న 51 మంది పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి "బొమ్మలు వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగతావాళ్ళకి ఏమీ లేదు. వారం రెండు వారాల తర్వాత ఎవరూ ఏమీ అడగకుండా ఆ పెన్నుల్ని ఊరికే అక్కడ పెట్టి చూశారు. ముందే ఆశ పెట్టినవాళ్ళు మిగతావాళ్ళలో సగం సేపు మాత్రమే వాటితో గడిపారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళ ఇష్టం తగ్గలేదు.

అంటే, పిల్ల అప్పటికే ఇష్టంగా చేస్తున్న పనికి కూలి కట్టకూడదు. బొమ్మల పుస్తకం తనంతట తాను తిరగేస్తున్న పిల్లకి "రెండు పేజీలు చదివితే చాక్లెట్" అనడం ఉన్నదాన్ని పాడు చేసుకోవడమే. ఇష్టం లేని చేతిరాత పుస్తకానికి ఓ స్టికర్ ఇస్తే కొంపలేం మునగవు. అయితే "హోంవర్క్ చేస్తే ఫోన్ ఇస్తా" అన్న బేరం అన్నింటికంటే చెడ్డది. ఏది శిక్షో, ఏది పండగో ఆ ఒక్క వాక్యంలో పిల్లకి మనమే నేర్పేశాం.

బేరాల కంటే పెద్ద సమస్య మాట తప్పడం. ఎదురుగా ఒక మార్ష్‌మాలో మిఠాయి పెట్టి, కాసేపు తినకుండా ఆగితే రెండోది ఇస్తామనే ప్రయోగం వినే ఉంటారు. వాల్టర్ మిషెల్ 1960ల చివర్లో అదే బింగ్ నర్సరీలో మొదలుపెట్టాడు. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక రాణిస్తారని దాని మీద బోలెడు ప్రచారం జరిగింది. 2018లో ఎక్కువ మంది పిల్లల వివరాలతో మళ్ళీ చూసి, ఇంటి పరిస్థితుల్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం చాలావరకు పలచబడింది. ఆ గొడవ అలా ఉంచితే, రోచెస్టర్ యూనివర్సిటీలో సెలెస్ట్ కిడ్ బృందం 2013లో అచ్చువేసిన ప్రయోగం నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలు 28 మంది. బొమ్మ వేయడానికి ముందు వాడేసిన క్రేయాన్లు ఇచ్చి, "ఆగితే కొత్తవి తెస్తాను" అని ప్రయోగం నడిపే ఆవిడ బయటికెళ్తుంది. సగం మందికి కొత్తవి తెచ్చింది. మిగతా సగానికి "అయ్యో, లేవు, వీటితోనే వెయ్యి" అంది. స్టికర్లతో మళ్ళీ అలాగే. ఆ తర్వాత మిఠాయి పరీక్ష, 15 నిమిషాలు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర ఆగింది మూడు నిమిషాలు. మొదటి గుంపులో 14 మందికి తొమ్మిది మంది చివరిదాకా ఆగారు, రెండో గుంపులో ఒక్కరే. నిగ్రహం లేదని మనం తిట్టే పిల్లల్లో కొందరు నిజానికి లెక్క బాగా వచ్చినవాళ్ళు. ఈ మనిషి మాటకి ఎంత విలువివ్వచ్చో వాళ్ళకి తెలుసు.

చాప దగ్గర మనం రోజూ చేసేదేమిటి? "ఒక్క పేజీ రాయి, ఆడుకోడానికి పంపిస్తా." పేజీ తొందరగా అయిపోతుంది. "ఎంత బాగా రాశావో! ఇంకొక్క పేజీ." మర్నాటి నుంచి ఆ పేజీ తొందరగా అవ్వదు. పెన్సిల్ ముల్లు విరుగుతుంది, దాహమేస్తుంది, ఒంటికి వస్తుంది. తొందరగా చేస్తే పని పెరుగుతుందని తెలిశాక ఏ పెద్దమనిషైనా అంతే చేస్తాడు, ఆఫీసులో చూడటం లేదూ.

పేజీల మాట వచ్చింది కాబట్టి ఓ లెక్క. కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం రెండో తరగతి వరకూ హోంవర్క్ ఉండకూడదు. మూడు నుంచి అయిదు తరగతులకి వారం మొత్తానికి రెండు గంటలు మించకూడదు. ఎల్‌కేజీకే నాలుగు పేజీలు ఇచ్చే బళ్ళు మన ఊళ్ళలో ఎన్నో మీకే తెలుసు. హారిస్ కూపర్ 2006లో అమెరికా పరిశోధనల్ని పోగేసి చూస్తే, హోంవర్కుకీ చదువులో ముందుండటానికీ ఉన్న సంబంధం పెద్ద తరగతుల్లో కనిపించినంతగా చిన్న తరగతుల్లో కనిపించలేదు. బడి ఇచ్చిన పేజీలు తప్పవంటే ఓ పది నిమిషాల్లో వదిలించుకుని, మిగతా సమయం అప్పజెప్పించుకోవడానికీ కథ చదవడానికీ ఉంచుకోవడం నయం. నిద్రలో కోత పెట్టి మాత్రం వద్దు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. పగలు నేర్చుకున్నది మెదడులో కుదురుకోవడానికి ఆ నిద్ర సాయపడుతుంది.

చాప దగ్గర జరిగేదే చదువని కూడా అనుకోవద్దు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో కొబ్బరికాయలూ పళ్ళూ అమ్మే పిల్లల్ని 1985లో పరిశీలించారు. బేరం మధ్యలో అడిగితే నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే అంకెల్ని కాగితం మీద ఉత్త కూడికలుగా, గుణకారాలుగా ఇస్తే 37 మాత్రమే సరిగ్గా చేశారు. ఢిల్లీ, కోల్‌కతా మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు చేసి 2025లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇలాంటి అగాధమే బయటపడింది. బజారు లెక్క తనంతట తాను నోటుపుస్తకంలోకి రాదు, నోటుపుస్తకం లెక్క బజారుకీ రాదు. ఇంట్లో ఆ రెంటికీ వంతెన కట్టడం తేలిక. కిరాణా కొట్టుకి పిల్లని తీసుకెళ్ళి, 100 నోటుకి చిల్లర తనచేతే తీయించి, ఇంటికొచ్చాక ఆ లెక్కే కాగితం మీద తీసివేతగా రాయించాలి. వారానికి ఒకసారి చాలు.

చివరగా, పెద్దవాళ్ళు చాప మీంచి ఎప్పుడు లేవాలి? డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ 1976లో 30 మంది పిల్లలకి 21 చెక్కముక్కలిచ్చి పిరమిడ్ కట్టించారు. పక్కన నేర్పే మనిషి ఉంది. మూడేళ్ళవాళ్ళని అసలు ఆ పనిలోకి దింపడానికే ఆమెకి సరిపోయింది. నాలుగేళ్ళవాళ్ళకి ఎక్కడ తప్పుతోందో మాటతో చెబితే చాలు. అయిదేళ్ళవాళ్ళు చాలావరకు తామే కట్టుకుని "ఇది సరేనా?" అన్నట్టు ఆమె వైపు చూసేవారు. నేర్పేవాళ్ళ పని ఆ క్రమంలోనే మారాలి. తర్వాతి కాలంలో వుడ్ దీన్నుంచి ఓ సూత్రం తీశాడు. పిల్ల చెయ్యగలిగితే ఓ అడుగు వెనక్కి, చెయ్యలేకపోతే ఓ అడుగు ముందుకి.

మన ఇంట్లో దాన్ని ఇలా చదువుకోవచ్చు. మొదటి నెలల్లో అమ్మే చాప పరిచి పక్కన కూర్చుంటుంది. పిల్ల చెప్పకుండానే చాప తెచ్చుకున్న రోజున అమ్మ వంటింట్లోకి జరగొచ్చు, చెవి ఇటు ఉంచి. రెండో తరగతి వచ్చేసరికి ముందు తెలుగో ముందు లెక్కలో పిల్లే తేల్చుకుంటుంది. అమ్మ చివర్లో ఓ ప్రశ్న అడుగుతుంది. ఇదేమీ ఒకే దిక్కున సాగే ప్రయాణం కాదు. మూడో తరగతిలో భాగహారాలు మొదలైన వారం అమ్మ మళ్ళీ చాప మీదికి రావలసి వస్తుంది. కూర్చోవడం నేర్పడానికి కాదు, శేషం అంటే ఏమిటో 13 చింతగింజలు నలుగురికి పంచి చూపించడానికి. నానమ్మకి మూడు, తాతయ్యకి మూడు, తమ్ముడికి మూడు, తనకి మూడు. మిగిలిన ఒక్క గింజ ఎవరిదన్న తగాదాతో ఆ సాయంత్రం గడిచిపోతుంది. మర్నాడు 14, 15 గింజలతో పంపకం చేయించాక ఆవిడ మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోవచ్చు.